నీలంగా కనిపించిన నిప్పు

"అణు రియాక్టర్ డిజైనర్‌ని పొద్దున లిఫ్టులో కాల్చేశారు. చనిపోయే ముందు మనకో మెసేజ్ పెట్టాడు. 'బొమ్మ అబద్ధం చెబుతోంది.' అంతే," అన్నాడు చీఫ్.

డిపార్టుమెంటులో అందరూ మౌని అని పిలిచే ఏజెంటు తలెత్తాడు. "ఏ బొమ్మ సార్?"

"రియాక్టర్ కోర్ త్రీడీ బొమ్మ. సిమ్యులేషన్ ఇచ్చిన వేడి లెక్కల్ని రంగుల్లోకి మార్చి కంట్రోల్ రూమ్‌కి పంపుతారు. అది చూసే పన్నెండింటికి ఫుల్ పవర్ టెస్ట్ మొదలుపెడతారు. ఆ బొమ్మ చేసేది..." చీఫ్ నీళ్లు నమిలాడు. "మీ ఆవిడ."

"నేనే వెళ్తాను సార్. తన తప్పేం లేదని తేల్చుకొస్తాను."

పదకొండున్నరకి ఏసీ మెకానిక్ వేషంలో, ముఖానికి మాస్కుతో, రియాక్టర్ భవనంలోని ఆమె ఆఫీసు గదిలోకి దూరాడు. గదిలో ఎవరూ లేరు. పెన్నులాంటి పరికరం గుచ్చగానే కంప్యూటర్ తెరుచుకుంది. తెర మీద కోర్ గాజు స్తంభంలా నిలబడింది. అంతా చల్లటి నీలం. తెర మీదే బొమ్మని నిలువునా కోసి చూశాడు. లోపలా నీలమే. పావుగంట వెతికి అసలు లెక్కల ఫైలు తెరిచాడు. ఒక మూల ఇంధనం కరిగిపోయేంత వేడి! అక్కడ ఎరుపు రావలసిన చోట నీలం వచ్చేలా ఎవరో రంగుల స్కేలు మార్చారు. మార్చిన లాగిన్ ఆమెదే.

"మాస్కు తీసెయ్యండి. మీ నడక నాకు తెలీదా?"

తలుపు దగ్గర భార్య. చెవులకు ముత్యాలు, చేతిలో చిన్న పిస్టల్.

"ఎప్పట్నుంచి?"

"మీరు పరిచయం కాకముందు నుంచే, ఆ డిజైనర్‌ని చంపిన ముఠా మనిషినండీ. మన పెళ్లి కూడా వాళ్ల ఆర్డరే." ఆమె పిస్టల్ దించలేదు. "ఆర్డరు మొదటి ఏడాది వరకే. ఆ తర్వాతంతా నిజమే."

"ఇక్కడ మూడొందల మంది ఉన్నారే!"

"వాళ్లలో మీరు ఉండరనుకున్నా."

పన్నెండింటికి ఇంకా పది సెకన్లు. మౌని కంట్రోల్ రూమ్ ఇంటర్‌కమ్ వైపు నడిచాడు.

"ఆగండి, కాల్చేస్తాను!"

అతను ఆగలేదు. ఆమె కాల్చలేదు.

"టెస్ట్ ఆపండి! బొమ్మ తప్పు!" అని అరిచాడు. టెస్ట్ ఆగేసరికి గడియారంలో ఇంకొక్క సెకను మిగిలింది.

ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి, ముఠా అడ్రసు చెప్పి, రెండు చేతులూ చాచింది. అతను బేడీలు వేశాడు.

"వదులుగా ఉన్నాయండీ, జారిపోతాయి. ఇంకో నొక్కు నొక్కండి," అంది మెల్లగా.

నొక్కాడు.

సాయంత్రానికి ముఠా మొత్తం దొరికింది. చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! రెండ్రోజులు సెలవు తీసుకుని ఇంటికెళ్లు. మీ ఆవిడ..." అని నాలిక్కరుచుకున్నాడు.

"పర్లేదు సార్, ఆఫీసులోనే ఉంటాను," అన్నాడు మౌని. "ఇక్కడైతే ఎవరు గూఢచారో ముందే తెలుసు."