నాలుగు పికప్పుల పెళ్లికొడుకు

“ఈ గిటారు దోమ మాదిరి గుయ్‌మంటాంది. దీనికి గొంతు పెట్టు” అంటూ నాగజ్యోతి తన ఎలక్ట్రిక్ గిటారును బల్ల మీద పెట్టింది.

ఫణీంద్ర తలెత్తాడు. ఎత్తిన తలను మళ్లీ దించడానికి కాసేపు పట్టింది.

నంద్యాల సంజీవనగర్‌లో కింద వాళ్ల నాయన ఎరువుల అంగడి, పైన ఫణీంద్ర గిటార్లు బాగుచేసే గది. కింద యూరియా, పైన సంగీతం. ఆ మెట్లెక్కి ఒక అమ్మాయి రావడం అదే మొదలు.

“పికప్ మార్చల్ల” అన్నాడు. తీగల కింద కూర్చుని, వాటి కదలికను పట్టి స్పీకరుకు అందించే చిన్న అయస్కాంతం డబ్బానే పికప్ అంటారు. అది మారితే గిటారు గొంతే మారిపోతుంది.

“మార్చు. ఔట్‌పుట్ బాగుండేది పెట్టు. ఆళ్లగడ్డలో వాయిస్తే అహోబిలంలో వినపడల్ల.”

“అరుపు పెరిగితే పాట పెరగదు. టోన్ చూడల్ల.”

“నేనడిగింది పికప్పప్పా, పాఠం కాదు. పాఠాలు నేనే చెప్తా, ఆళ్లగడ్డలో పిల్లోల్లకు.”

ఫణీంద్ర రెండు తీగచుట్లుండే డబుల్ కాయిల్ పికప్ బిగించి పంపాడు.

తర్వాతి శనివారం ఆమె మళ్లీ దిగింది. “గొంతు లావైపోయింది. జలుబు చేసినట్టుండాది.”

సింగిల్ కాయిల్‌ది పెట్టాడు. ఆ మరుసటి శనివారం, “మల్లా సన్నబడింది” అంది. అతను మీటరు పెట్టి చూసి, “ఎనిమిది కిలో ఓములుండాయే” అన్నాడు.

“కిలోలెందుకు? కింద యూరియా తూచుకో. ఈడ చెవి పెట్టు.”

చెవి పెట్టాలంటే పక్కన కూర్చోవాలి. కూర్చున్నాడు. అతని దగ్గరున్న నాలుగు పికప్పులూ వారానికొకటి చొప్పున ఆమె గిటారులోకి వెళ్లి, తిట్లు తిని, తిరిగొచ్చాయి; చివరికి ఆమె పాత పికప్పే మళ్లీ లోపలికెక్కింది. ఒక్కదానికీ ఆమె మార్కులు వేయలేదు. ఫణీంద్రకు మాత్రం శనివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

ఒక శనివారం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. వేడి లేని సోల్డరింగ్ ఐరన్‌తో ఏం అతుకుతుంది? ఆమెకేమో బస్సు తొందర. కిటికీ దగ్గర నిలబడి, చేతులు చాపి వాననీళ్లు పట్టుకుంటోంది. జడ మీద పడిన చినుకులు చూస్తూ ఫణీంద్ర ఉన్న తెలివి కూడా పోగొట్టుకున్నాడు. మరలు విప్పాడు. ఏమీ మార్చకుండానే మళ్లీ బిగించాడు.

“అయింది” అన్నాడు.

కరెంటు వచ్చాక ఆమె వాయించింది. కళ్లు మూసుకుంది. “ఇప్పుడు కుదిరింది చూడు.”

లోపలున్నది పాత పికప్పే. మొదటి రోజు దోమ అని ఆమె తిట్టిపోసినదే. అంటే ఈ పిల్ల ఇన్ని వారాలుగా వస్తున్నది పికప్ కోసం కాదు. ఫణీంద్ర గుండె ఎగిరి గంతేసింది. వెంటనే భయమూ వేసింది. చెబితే మోసం బయటపడుతుంది, చెప్పకపోతే ప్రేమ బయటపడదు. కోపం వచ్చి ఆమె రావడమే మానేస్తే? అందుకని పెద్దమనిషిలా ఊరుకున్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా వాతావరణం గురించి మాట్లాడి పంపేవాడు.

ఇంతలో ఆళ్లగడ్డలో నాగజ్యోతి నాయన రంగయ్య కూతురికి సంబంధం తెచ్చాడు.

“రుద్రవరం పిల్లోడు. సరుకు తోలే పికప్ బండ్లు రెండుండాయి. పంట కాలంలో రెండు పికప్పులంటే మాటలా?”

“నాకు నచ్చినాయన నంద్యాలలో ఉండాడు నాయనా. ఆయప్ప దగ్గర నాలుగు పికప్పులుండాయి” అంది నాగజ్యోతి.

అందులో అబద్ధం అక్షరం కూడా లేదు. రంగయ్య మాత్రం నాలుగు బండ్లను వరుసగా ఊహించుకుని, అతనుండే చోటు అడిగి తెలుసుకుని, తెల్లారగానే నంద్యాల బస్సెక్కాడు.

మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషిని ఫణీంద్ర గిరాకీ అనుకున్నాడు.

“నీ దగ్గర నాలుగు పికప్పులుండాయంటనే?”

“ఉండాయి పెద్దాయనా. రెండు కొత్తవి, రెండు పాతవి. పాతవాటికుండే బలం కొత్తవాటికి ల్యా.”

“ఆ మాట నిజం” అన్నాడు రంగయ్య. పిల్లోడు పని తెలిసినవాడే. “బాడుగకు పోతాయా?”

“పెండ్లిండ్లకు పోతాయి. మొన్న పాములపాడులో పెండ్లికి తెల్లార్లూ ఆపకుండా పనిచేసినాయి.”

“సప్పుడు ఎక్కువా?”

“సింగిల్‌దైతే కొంచెం జుయ్‌మంటాది. డబుల్‌దైతే సప్పుడే ఉండదు. ముందొకటి, ఎనకొకటి పెట్టి స్విచ్చు నడిమిట్లో ఉంచితే రెండూ ఒకేసారి నడుస్తాయి.”

రంగయ్య ఉలిక్కిపడ్డాడు. “రెండు బండ్లకూ కలిపి ఒకే డ్రైవరా?”

“బండ్లా?”

“మరేందీ? మా నాగజ్యోతి చెప్పింది అవే గదా?”

ఫణీంద్రకు అప్పుడు వెలిగింది. ఈయన ఎవరో, ఎందుకొచ్చాడో, జ్యోతి ఏం చెప్పిందో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ‘బండ్లు బాడుగకు పోయినాయి’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, బల్ల సొరుగు లాగి నాలుగు పికప్పులూ ముందు పెట్టాడు.

రంగయ్య ఒకదాన్ని రెండు వేళ్లతో పైకెత్తి చూశాడు. “దీంట్లో ఏమేస్తావప్పా? పిడికెడు శనగలా?”

అప్పుడే నాగజ్యోతి ఆయాసపడుతూ పైకొచ్చింది. నాయన బస్సెక్కాడని తెలిసి వెనక బస్సు పట్టుకుంది.

“నేను బండ్లన్యానా నాయనా?”

“అనల్యా. అనకుండానే నన్ను ఈడికి తోలినావ్.” ఫణీంద్ర వైపు తిరిగాడు. “బాడుగకు పోయినాయని చెప్పింటే నమ్మి పోయేటోన్ని గదా. ఎందుకు చెప్పల్యా?”

“శనగలకాలం వస్తే బండి తోలుకోని రా అంటారు గదా పెద్దాయనా. అప్పుడేం చేయల్ల?”

రంగయ్యకు నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నాడు.

“ఇంగో తప్పు కూడా ఉండాది” అన్నాడు ఫణీంద్ర, ఎలాగూ మునిగాం కదా అని. “వాన పడిన పొద్దు నేను పికప్ మార్చల్యా జ్యోతీ. ఉత్తిగా మరలు బిగించినా.”

“కరెంటు ల్యాకుండా సోల్డరింగ్ యట్ల చేస్తావ్? నాకు తెలీదనుకున్యావా?” అంది నాగజ్యోతి. “తెలిసే బాగుండాదన్యా. అప్పుడన్నా నోరు తెరుస్తావనుకుంటి. వారం వారం వస్తే వాన పడతాదా, ఎండ కాస్తాదా అని మాట్లాడితివి. ఆడ రుద్రవరమోల్లు ఇంట్లో కూర్చున్యారు. నేనేం చేయల్ల?”

చివరి మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫణీంద్రకు తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

రంగయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్టూలు మీద కూర్చున్నాడు.

“బండి బాగున్యా వారం వారం మెకానిక్ దగ్గరికి పోతాండారంటే, రిపేరి బండికి కాదు. రుద్రవరమోల్లకు నేను చెప్పుకుంటాలే. నువ్వు చెప్పల్సింది చెప్పు.”

ఫణీంద్ర నేల చూస్తూ గొణిగాడు. “జ్యోతంటే నాకు శానా ఇష్టం. పెండ్లి చేసుకుంటా.”

నాగజ్యోతి కళ్లు తుడుచుకుంది. “టోన్ బాగుండాది. ఔట్‌పుట్ చాలదు. మల్లా చెప్పు.”

అతను తలెత్తి, ఆమె కళ్లలోకి చూస్తూ, ఉన్న ఊపిరంతా పెట్టి చెప్పాడు.

కింద అంగట్లో బేరాలు ఆగిపోయాయి. ఫణీంద్ర వాళ్ల నాయన గొంతు మెట్ల మీదుగా వచ్చింది. “ఎవుర్ని చేసుకుంటాండావ్ రా?”

రంగయ్య లేచి, మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి వంగాడు.

“మా బిడ్డనప్పా. అంగడి ఎవురికన్నా అప్పజెప్పి పైకి రా, కూర్చొని మాట్లాడుకుందాం.”