పురుగు పట్టని ఎకరం

పొద్దున్నే బర్రెను పితికి, సరళాదేవి నిండు గిన్నెతో పెరట్లోకి నడిచింది. పాలన్నీ పెంటకుప్ప మీద పోసి, గిన్నె కడిగి బోర్లించింది. పదకొండు రోజులుగా ఇదే వరుస. వాకిలి ఊడుస్తున్న లింగవ్వ మొదటి రోజు ఎందుకని అడిగింది. జవాబు రాకపోయేసరికి మళ్లీ అడగలేదు.

సుదర్శన్‌రావు అరుగు మీద కూర్చుని పాలు లేని చాయ్ తాగుతున్నాడు. పాలేవని భార్యను ఆయనా అడగలేదు. ఆ ఇంట్లో అందరూ మెల్లగా నడుస్తున్నారు, మెల్లగా తింటున్నారు. పిలిస్తే పలుకుతున్నారు, అంతే. ఏడో నెలలో తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చిన కూతురు ప్రమోదిని కడుపు నిలవలేదు. కరీంనగర్ ఆసుపత్రిలో పుట్టిన మగపిల్లవాడు ఏడవలేదు. అది జరిగి పంతొమ్మిది రోజులైంది. సరళాదేవికి ఇంతవరకు కంట తడి రాలేదు. ఏడవాలని దేవుడి ముందు కూర్చుంటే, గోడవైపు చూస్తూ ఉండిపోయేది.

కిందటేడు, అంటే తొంభై ఏడులో, పచ్చపురుగు హుజూరాబాద్ చుట్టుపక్కల పత్తినంతా తినేసింది. అందుకే ఈ ఏడు విత్తనాల కంపెనీ మనిషి వచ్చి, పురుగు ముట్టని కొత్త రకం ఉంది, ఒక ఎకరంలో వేసి చూద్దాం అనగానే సుదర్శన్‌రావు ఒప్పుకున్నాడు. ఆ గింజలోకి వేరే జీవి గుణం ఎక్కించారని కంపెనీ మనిషి చెప్పాడు. ఆ ఎకరంలో ఎవరూ చెయ్యి పెట్టవద్దని కూడా చెప్పాడు. రెండు మాటలూ సుదర్శన్‌రావు ఇంట్లో చెప్పలేదు. ఆడవాళ్లకెందుకులే అనుకున్నాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొలి ఏరుడు పత్తి ముందు దేవుడికి. కార్తీకమాసమంతా ఆ పత్తితో చేసిన ఒత్తులే వెలగాలి, అందులో పురుగు కొరికినది ఒక్క కాయ కూడా ఉండకూడదు. ఈ ఏడు పత్తి చెలకంతా పుచ్చు కాయలే. ఆ చివరి ఎకరం మాత్రం మల్లెపూలు ఆరబోసినట్టు తెల్లగా ఉంది. సరళాదేవి, లింగవ్వ కలిసి రెండు గంపలు తెంపుకొచ్చారు. దేవుడి పనికి ఎవరినీ అడగాలని ఆమెకు తోచలేదు. దూది ఒత్తులైంది. గింజలు ఎప్పటిలాగే నానబెట్టి, రుబ్బి, బర్రెకు పెట్టింది. చిక్కటి పాలు ప్రమోదినికి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి లింగవ్వ అంగడి నుంచి ఒక మాట మోసుకొచ్చింది. పక్క రాష్ట్రంలో ఇట్లాంటి పత్తినే రైతులు పీకి తగలబెట్టారట. ఆ చెట్టు గింజ మళ్లీ నాటితే మొలవదట. నిజమో కాదో చెప్పినవాళ్లకూ తెలియదు. మొలవదన్న ఆ ఒక్క మాట సరళాదేవి లోపలికి దిగి అక్కడే కూర్చుంది. మరునాటి నుంచి పాలు పెంటకుప్ప పాలయ్యాయి. దీపం కూడా మానేసింది.

పదకొండో రోజైన ఆ పొద్దున సుదర్శన్‌రావు చాయ్ గ్లాసు కింద పెట్టకముందే కంపెనీ జీపు వచ్చింది. చివరి ఎకరం చూసొచ్చిన మనిషి, కొన్ని చెట్లకు కాయలు ముందే తెంపినట్టుంది, ఎవరైనా ఏరారా అని అడిగాడు. సుదర్శన్‌రావు లేదన్నాడు. సరళాదేవి గడప దాటి వచ్చింది.

"నేను తెంపిన. గింజలు బర్రె తిన్నది. పాలు నా బిడ్డ తాగింది. ఏమైతది?"

ఆ మనిషి చేతిలోని కాగితాలు మడిచాడు. "ఏం కాదమ్మా. భయపడకండి. పరీక్షలు జరుగుతున్నాయి."

"ఇంకా జరుగుతున్నయా?"

"అందుకే కదమ్మా మీ చేలో వేసింది."

కంపెనీ మనిషి తన చెప్పులవైపు చూసుకుని, మళ్లీ వస్తానని జీపెక్కాడు.

సుదర్శన్‌రావు గొంతు పెంచలేదు. తెంపిన సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాడు. మీరేం చెప్పారని ఆమె అడిగింది. అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"గా గింజ మొలవనిది," అందామె. "దాన్ని బర్రెకు పెట్టి, గా పాలు నా చేతులతోని నా బిడ్డకు తాపిన. దాని కడుపుల కాయ గట్లనే ఎండిపోయింది. గా పత్తితోనే దేవునికి ఒత్తులు చేసిన. అది ఆ దేవునికి గూడ తెల్వదా?"

"మొలవదని ఎవలు చూసిండ్రు? అంగట్ల మాటలు." ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "పోయినేడు పురుగు మందు కొట్టి కొట్టి మన కూలి లచ్చయ్య చెలకలనే పడిపోయిండు. వారం రోజులు కండ్లు కానరాలే. గా ఎకరంల పచ్చపురుగుకు ఒక్కపారి గూడ మందు కొట్టలే. నేను మంచికే ఒప్పుకున్న సరళా."

"మంచిదని మీకు ఎరుకేనా?"

ఆయన తువ్వాల భుజం మీద వేసుకున్నాడు.

"ఎరుక లేదు," అన్నాడు. "అడగాల్సి ఉండె. అడగలే."

లోపలి గది తలుపు చప్పుడైంది. ప్రమోదిని గోడ పట్టుకుని వచ్చింది. తలకు కట్టిన గుడ్డ జారి చెవి మీద పడింది. పాలను తల్లి ఎందుకు పారబోస్తోందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"పాలతోని కాదవ్వా," అంది తల్లితో. "పోయినేడు ఆషాఢంల గూడ నాకు గిట్లనే అయ్యింది. మూడో నెల. అప్పుడు ఇక్కడి పాలు తాగలే, ఇక్కడికే రాలే. గర్భసంచికి బలం లేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. పుట్టింట్ల చెప్పొద్దన్నది మా అత్త. నేను చెప్పలే."

సుదర్శన్‌రావు అరుగు స్తంభాన్ని పట్టుకున్నాడు. భారం దిగినట్టు ఊపిరి వదలబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు.

సరళాదేవికి ఊరట కలగలేదు. తన తప్పు కాదన్న మాట చెవిన పడింది కాని, ఆమె దాన్ని పట్టుకోలేదు. వేరే దాన్ని పట్టుకుంది. ఇంకొక కడుపు కూడా పోయింది. తనకు తెలియకుండా పోయింది. ఆషాఢంలో ఆ రోజు తాను ఏం చేస్తూ ఉండి ఉంటుంది? విత్తనాలు పెడుతూనో, కూలీలకు సద్ది కడుతూనో, లింగవ్వతో నవ్వుతూనో.

"అప్పుడు నీ పక్కన ఎవలున్నరు?" అని అడిగింది.

"ఎవ్వలు లేరవ్వా."

సరళాదేవి నోటి నుంచి మొదట మూలుగులాంటి చప్పుడొచ్చింది. తర్వాత కన్నీళ్లు వచ్చాయి. పంతొమ్మిది రోజులవి ఒక్కసారే వచ్చాయి. ఆమె నేల మీద కూలబడి, కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. సుదర్శన్‌రావు కూడా వచ్చి వాళ్ల పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక, కూతురి పాదం మీద చెయ్యి వేశాడు.

"గా గింజ మంచిదో చెడ్డదో నాకు ఇంకా తెల్వదు," అన్నాడు. "తెలిసేదాంక మన చెలకల మాత్రం వద్దు. కంపెనీ ఆయన వస్తే చెప్త."

సరళాదేవి తల ఊపింది. ఆమెకూ తెలియదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురి జారిన తలగుడ్డ విప్పి, చెవులు మూసేటట్టు మళ్లీ కట్టింది.

"ఆషాఢంల ముచ్చట మొదటి నుంచి చెప్పు బిడ్డా," అంది. "పొద్దున లేచిన కాడి నుంచి. ఏమీ దాయకు."

ప్రమోదిని తల్లి ఒళ్లో తల పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.