లెక్కపెట్టే ఇల్లు

కొండాపూర్ నుంచి చందానగర్ వచ్చే దారిలో అప్పట్లో ఒక ఇల్లుండేది. పొద్దుగూకిందంటే ఆటోవాళ్ళెవరూ అటు వచ్చేవారు కాదు.

నేను చెబుతున్నది తొంభైల చివరి మాట. మాదాపూర్ వైపు అద్దాల భవనం అప్పుడే తలెత్తింది. దానికి ఇటువైపంతా బండరాళ్ళు, సర్కారు తుమ్మలు, తవ్వి వదిలేసిన క్వారీ గుంటలు. అలాంటి ఓ గుంట పక్కన, క్వారీ మేనేజరు కోసం కట్టించిన ఇల్లది. క్వారీ మూతబడ్డాక ఏళ్ళ తరబడి ఖాళీగా పడుంది.

అందులో ఏదో ఉందని జనం ముందునుంచీ అనుకునేవారు. ఆ ఏడు దసరా దాటాక మాత్రం, ఉన్నదేమిటో తెలిసిపోయింది.

లోపల ఒక ఆడమనిషి లెక్కపెడుతోంది!

ఒకటి... రెండు... మూడు... గొంతు బొంగురుగా ఉంటుందట. కాసేపు లెక్కపెట్టి ఆపేస్తుందట. మళ్ళీ మొదట్నుంచీ మొదలెడుతుందట. క్వారీ పేలుళ్ళలో పోయినవాళ్ళని లెక్కపెడుతోందని కొందరన్నారు. కాదు, పోబోయేవాళ్ళనే లెక్కపెడుతోందని ఇంకొందరు...

మా పక్కింటి మధుసూదన్ గారిది కడప జిల్లా. చందానగర్‌లో ప్లాట్ల వ్యాపారం. ఆయన అన్న కూతురు నాగమణి నర్సింగు పాసై, ఆ చలికాలమే వాళ్ళింటికొచ్చింది. కొత్తగా పాసైన నర్సులకి ఏడాది ట్రైనింగ్ ఇచ్చే చోట్లు రెండు దొరికాయి. ఒకటి సిటీలో బాగా పేరున్న పెద్ద ఆస్పత్రి. రెండోది కొండాపూర్‌లో ఇంకా రంగు కూడా ఆరని కొత్త ఆస్పత్రి. ఏ సంగతీ తెల్లారేసరికి చెప్పేయాలి.

"ఇందులో ఆలోచించేదేముంది? పెద్దదే" అనేశాడు బాబాయి.

నాగమణికి మాత్రం మనసులో ఒక ముల్లుంది. ఆఖరి ఏడు చదువుతుండగా, వార్డులో ఒక ముసలామె నాగమణి కళ్ళముందే కుప్పకూలింది. ఈ పిల్ల చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సీనియర్లు తోసుకొచ్చి ఆమెని బతికించారు. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. కానీ ఏం చెయ్యాలో అంతా చదివి కూడా చేతులు కదల్లేదే అన్న దిగులు ఆ పిల్లని వదల్లేదు. ఆ చేతులకి పని నేర్పే చోటు కావాలి. పెద్దాస్పత్రిలో అడిగితే, మొదట్లో నెలల తరబడి పక్కలు సర్దడం, జ్వరం చూడటమేనన్నారు.

అందుకని ఆ సాయంత్రం కొత్త ఆస్పత్రికి వెళ్ళింది. ట్రైనింగ్ చూసే సిస్టర్ లేదు, ఎక్కడికో వెళ్ళిందన్నారు. కూర్చుని కూర్చుని, ఇక పెద్దదానికే ఒప్పుకుందామనుకుని బయటికొచ్చేసరికి చీకటి పడింది.

బతిమాలితే బాలనర్సయ్య ఆటో దొరికింది. హఫీజ్‌పేట మనిషి. మీసాలు మెలేసి ఉంటాయి.

"దగ్గరి దారిల తీస్కపోత బిడ్డా. లేటైతే మీ ఇంట్ల పరేషానైతరు. జర అటు దిక్కు మాత్రం చూడకు."

"ఎటు దిక్కన్నా?"

అతను ఆటోని ఉరికించాడు.

సరిగ్గా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి... బండి రెండు సార్లు దగ్గి, ఆగిపోయింది.

దానికి తోడు అప్పుడే కరెంటు కూడా పోయింది. దూరంగా కనబడుతున్న దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. బాలనర్సయ్య కిందికి దిగి, ఎంత గుంజినా బండి ఉలకదు పలకదు.

అప్పుడు వినబడింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"దేవుడా..." అన్నాడు బాలనర్సయ్య. అతని గొంతు అతనికే వినబడలేదు.

లెక్క ఆగింది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. మళ్ళీ ఒకటి... రెండు...

ఇంటి కిటికీలో మసక వెలుగు. చూడొద్దన్నవాడే ముందు చూశాడు. అతని వెనకనుంచి నాగమణి చూసింది.

లోపల నేలమీద లాంతరు. తెల్లచీర కట్టిన ఒకామె మోకాళ్ళమీద కూర్చుంది. జుట్టు ఊడి మొహమ్మీద పడుతోంది. ఎదురుగా ఒక మగమనిషి వెల్లకిలా పడున్నాడు. ఆమె రెండు చేతులూ బిగించి అతని రొమ్ము మీద గుద్ది గుద్ది నొక్కుతోంది. అతను కదలడం లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఆ మనిషికి నడుం కింద... ఏమీ లేదు.

ఆమె వంగింది. అతని నోటిమీద నోరు పెట్టింది.

"నెత్తురు... నెత్తురు తాగుతున్నది..." అంటూనే బాలనర్సయ్య మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు.

నాగమణి పారిపోదామంటే కాళ్ళ దగ్గర మనిషి పడున్నాడు. వంగింది. ముక్కు దగ్గర చెంప ఆనించింది — ఊపిరుంది. మెడ పక్కన వేళ్ళు పెట్టింది — నాడి కొట్టుకుంటోంది. చొక్కా గుండీలు ఊడదీసి, అతని కాళ్ళు ఎత్తి ఆటో అంచుమీద పెట్టింది.

మెడమీద వేళ్ళు అలాగే ఉన్నాయి. కిటికీలోంచి లెక్క వినబడుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు... అన్నీ ఒకే వేగంతో, ఒకే ఎడంతో.

అలా లెక్కపెట్టడం తనెక్కడో చదివింది. ఆగిన గుండెని మళ్ళీ ఆడించడానికి...

గుండెలనిండా గాలి పీల్చుకుని అరిచింది: "సిస్టర్!"

లెక్క టక్కున ఆగిపోయింది.

"ఎవరండీ అక్కడ?"

తలుపు కిర్రుమంది. తెల్లచీరామె లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, పడిపోయాడా? ఊపిరుందా?"

"ఉండాది సిస్టర్. నాడి బాగనే ఆడతాంది. మిమ్మల్ని చూసి బెదిరినాడు. కాళ్ళు ఎత్తి పెట్టినా."

ఆమె వంగి అంతా చూసుకుంది. లేచి నవ్వింది. "చెయ్యాల్సినవన్నీ చేసేసి ఇంకా నన్నెందుకమ్మా పిలిచావు?"

అప్పుడు చూసుకుంది నాగమణి తన చేతుల్ని. ఈసారి అవి ఆగిపోలేదు.

అంతలో బాలనర్సయ్య కళ్ళు తెరిచాడు. మొహానికి జానెడు దూరంలో తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, లాంతరు. చేతులు జోడించి, మళ్ళీ కళ్ళు మూసేశాడు.

ఆమే ట్రైనింగ్ చూసే సిస్టర్, లక్ష్మీదేవి. కాకినాడ మనిషి. ఆస్పత్రిలో ఇంకా గదులు కట్టడం అవలేదని, కొత్త నర్సుల పాఠాలకి ఈ ఇల్లు తీసుకున్నారు. సగం మనిషి విదేశం నుంచి తెప్పించిన రబ్బరు బొమ్మ. పిల్లలకి చెప్పేముందు తన చెయ్యి తిరగాలని, డ్యూటీ దిగాక రోజూ వచ్చి సాధన చేస్తోంది.

"దా, నువ్వూ నొక్కు" అంది లోపలికి తీసుకెళ్ళి. "మోచేతులు వంచకు. ఇంకా గట్టిగా. వాడు ఏమీ అనుకోడు."

నాగమణి నొక్కింది. బొమ్మ లోపల ఏదో టిక్కుమంది. సరిగ్గా పడితేనే అలా మోగుతుందట. ఆ చిన్న చప్పుడుకి పిల్ల మొహం వెలిగిపోయింది.

"మొదటి దినం నుంచే ఇది నేర్పుతారా సిస్టర్?"

"మొదటి గంట నుంచే. వస్తావా?"

"వస్తా."

బాలనర్సయ్య మాత్రం గడప దాటలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని, "అమ్మా, వానికి కాళ్ళేమైనయి?" అని అడిగాడు.

"వాడికి రాలేదయ్యా, అంతవరకే పంపారు" అంది సిస్టర్. "నీకు దణ్ణం పెడతాను, ఈ సంగతి ఊళ్ళో చెప్పకు. తలుపుకి గడియ కూడా సరిగ్గా లేదు. దయ్యం ఉందన్న భయానికే బొమ్మ జోలికి ఎవరూ రావడం లేదు."

"ఫికర్ జెయ్యకున్రి. నేన్ జూస్కుంట" అన్నాడతను. మీసం మీదికి చెయ్యి పోయింది.

ఇంటికెళ్ళి చెబితే బాబాయి అదిరిపడ్డాడు. "దయ్యాల కొంపలో చదువా?" అన్నాడు. నాగమణి ఆయన్ని చాపమీద పడుకోబెట్టి, నాడి చూడటం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పుకొచ్చింది. చివరికి, "సరేలే, నన్ను లేవనీ" అని ఒప్పుకున్నాడట.

ఇదంతా ఆ పిల్ల మా అరుగుమీద కూర్చుని నవ్వుతూ చెప్పింది. బాలనర్సయ్యని అడిగితే, తను పడిపోయింది తప్ప మిగతాదంతా నిజమేనన్నాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం అతని ఆటో ఎక్కాను. నా పక్కన మెళ్ళో కార్డు వేలాడుతున్న కంప్యూటర్ కుర్రాడొకడు. ఊరికి కొత్త. ఆ ఇల్లు దగ్గర పడగానే బాలనర్సయ్య వేగం తగ్గించి, గొంతు కూడా తగ్గించాడు.

"సార్, అటు చూడకున్రి. మొన్నటిదాంక ఒక్కతే లెక్కవెడుతుండె. ఇప్పుడు ఇద్దరైండ్రు."

"ఇద్దరా?" అన్నాడు కుర్రాడు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"అవ్ సార్. రెండోది కొత్తగ చేరింది. చిన్న దయ్యం. కడప మాట మాట్లాడ్తది."

నేను పెదవి కొరుక్కుని బయటికి చూస్తున్నాను. కిటికీలోంచి, హుషారుగా, ఊరి యాస ఏమాత్రం దాచుకోకుండా వినబడింది—

"ఒగటీ... రొండూ... మూడూ..."