గడియకు ఇవతల

పొయ్యి మీద పాలు పొంగుతున్నా హసీనాబీ కళ్ళు కూతురి సంచీ మీదే ఉన్నాయి. సఫియాకు పుట్టుకతోనే వినపడదు. బెంగళూరు కాలేజీలో పాఠాలు చెబుతుంది. తనలాగా వినపడని వాళ్ళు ఇళ్ళలో, వీధుల్లో ఎలా మసలుతారో, ఎక్కడ భయపడతారో పరిశోధిస్తుంది. ఆ పని మీదే హిందూపురం పుట్టింటికి వచ్చి, ఈ పొద్దు ఒంటరిగా బస్సెక్కి ధర్మవరం పోతానంటోంది. అక్కడ మగ్గం నేసే ఒక జంటకు వినపడదు. వాళ్ళ ఇల్లు చూడాలట.

“వెనకాల లారీ వస్తే నీకెట్లా తెలుస్తాది?” చేతులతో అడిగింది తల్లి.

“ఇన్నేళ్ళూ ఎట్లా బతికినానమ్మా?” చేతులతోనే అని నవ్వింది సఫియా.

చున్నీ కోసం నడిమి గదిలోకి వెళ్ళింది. దానికి కిటికీ లేదు. ఆమె ఫోను సంచీలోనే ఉంది. హసీనాబీ బయట నుంచి గడియ పెట్టేసింది, బస్సు వెళ్ళిపోయాక తీద్దామని. అంత చదివిన కూతురికి గడియేమిటి అంటారా? భయానికి చదువులు కనపడవు.

అంతలో కరెంటు పోయింది.

లోపల నుంచి తలుపు మీద దబదబ మొదలైంది. హసీనాబీ పరుగెత్తింది. గడియ లాగితే రాలేదు. సఫియా తలుపు గుంజుతుంటే పాత గడియ వంగి బిగుసుకుపోయింది. వీధి చివర టైలరు కొట్లో ఉన్న భర్త సలాంకి హసీనాబీ ఫోన్ చేసింది.

“ఈడే ఉండా తల్లీ, భయపడొద్దు. తీస్తాండా, తీస్తాండా.” తలుపుకు నోరు ఆనించి అదే మాట చెప్పింది. దెబ్బలు ఇంకా ఎక్కువయ్యాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. అయినా హసీనాబీ గొంతు బొంగురుపోయేదాకా చెబుతూనే ఉంది.

సలాం పరుగున వచ్చి సుత్తితో గడియ ఊడగొట్టాడు. సఫియా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరచేతులు కమిలిపోయాయి.

“ఎవరేసినారు గడియ?” చేతులతో అడిగింది.

“నేనే. బస్సు పోనీలే అని.”

“యాడికి పోయినావమ్మా? ఇల్లు కాలిపోతాండాదేమో, మీరంతా బయటికి పోయినారేమో అనుకున్నా.”

“యాడికీ పోలేదు. ఈ తలుపు కాడే ఉండా. నీతో మాట్లాడతానే...” హసీనాబీ ఆగిపోయింది. కన్నతల్లి అయ్యుండి, బిడ్డకు వినపడదన్న మాటే మరిచింది.

“ధర్మవరం పోయేది ఇది అడగడానికే,” అంది సఫియా. “మాకు ఇంట్లో యాడ భయమని. చీకట్లో తలుపు మూసేస్తే మాకింక మనుషులే ఉండరు.”

“నేనేం చేసుండాల?”

సఫియా తలుపు కింద సందు చూపించింది.

హసీనాబీ ఆ గదిలోకి వెళ్ళి తలుపు వెయ్యమని సైగ చేసింది. చీకట్లో భర్త గొంతు వినబడుతోంది, వీధిలో బండి చప్పుడూ వినబడుతోంది. రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. అంతే, అన్నీ పోయాయి. ఊపిరాడలేదు. తన బిడ్డను ఇందులో పెట్టింది తనే.

తలుపు కింద నుంచి సఫియా వేళ్ళు వచ్చి ఆమె కాలిని తాకాయి. హసీనాబీ కూలబడి ఆ వేళ్ళు పట్టుకుని భోరుమంది.

బయటికి వచ్చాక కొంగుతో ముఖం తుడుచుకుంది. భయం పోలేదు. అయినా గడియ పెట్టిన ఆ చేతులతోనే కూతురికి చెప్పింది.

“ఇంకో బస్సు ఉండాది. పో. బస్టాండు దాకా కూడా నేను రాను.”