మార్త వేసిన అడ్డుకట్ట

ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుడిలోని వాళ్లంతా బందరు కాలువ గట్టుకు చేరారు. మార్త అందరినీ తోసుకుంటూ ముందుకు వెళ్లి నిలబడింది. ఆ రోజు వాళ్ల నాన్న అబ్రహాముకు బాప్తిస్మం.

కాలువ నిండుగా ఎర్రగా పారుతోంది. తెల్లబట్టలు కట్టుకున్న నాన్న, పాస్టరుగారి చేయి పట్టుకుని నడుములోతుకు దిగాడు. మునగడమంటే పాత మనిషిని క్రీస్తుతోపాటు పాతిపెట్టడమనీ, పైకి లేవడమంటే ఆయనతో కొత్త బతుకులోకి రావడమనీ పాస్టరుగారు చెప్పారు. తర్వాత నాన్నను నీళ్లలో పూర్తిగా ముంచి లేపారు. గట్టుమీద పాట మొదలైంది. అందరికంటే మార్త గొంతే గట్టిగా వినిపించింది.

ఆ సాయంత్రం కనిపించిన వాళ్లందరికీ మార్త ఒకటే మాట చెప్పింది, మా నాన్న ఇవాళ్టి నుంచి కొత్త మనిషి అని. ఒక్క రామతులసికి మాత్రం చెప్పలేదు.

రామతులసి వాళ్ల నాన్న సూరయ్యది వీళ్ల పక్క చేను. కాలువ నుంచి పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న బోదె దగ్గర కిందటేడు ఆయనకూ అబ్రహాముకూ మాటామాటా పెరిగింది. అప్పట్నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. ఒకే క్లాసులో ఉన్నా మార్త, రామతులసి పలకరించుకోవడం మానేశారు. నాన్న పక్షాన నిలబడుతున్నానని మార్త అనుకునేది.

సోమవారం బోదె నీళ్లు అబ్రహాము వంతు. బడి నుంచి పొలం గట్టున వస్తున్న మార్త ఠక్కున ఆగింది. నీళ్లు సూరయ్య నారుమడిలోకి పోతున్నాయి.

మార్తకు ఒళ్లు మండిపోయింది. పుస్తకాలు గట్టుమీద పెట్టి, లంగా ఎగదోపి, చేతులతోనే మట్టి తీసి అడ్డుకట్ట వేసింది. నీళ్లు వాళ్ల చేనువైపు మళ్లాయి. ఇంటికి పరుగెత్తి నాన్నకు గొప్పగా చెప్పింది.



"ఆ నీళ్లు నేనే వదిలానమ్మా," అన్నాడు అబ్రహాము. "పొద్దున సూరయ్య ఇంటికెళ్లి చెప్పొచ్చాను. వాళ్ల నారుమడి మెరక. ఇవాళ తడపకపోతే నారు మాడిపోద్ది."

"ఆయన నిన్ను తిట్టాడుగా నాన్నా?"

"ముందు తిట్టింది నేను. ఆ తిట్టినోణ్ణి నిన్న కాలువలో పాతిపెట్టి వచ్చా. మళ్లీ తవ్వి తీయమంటావా?"

మార్త తల దించుకుంది. నాన్న పార అందుకుని లేవబోతుంటే, తనే వెళ్తానని చెప్పి పరుగు తీసింది.

అప్పటికే సూరయ్య, రామతులసి బోదె దగ్గర ఉన్నారు. సూరయ్య మొహం గంటు పెట్టుకుని ఆ కట్టనే చూస్తున్నాడు.

"పొద్దునొక మాట, సాయంత్రమొక మాట. మీ నాన్న మారాడనుకున్నా," అన్నాడు.

ఏమీ ఎరగనట్టు వెనక్కి పోవచ్చు. కానీ అప్పుడు నాన్న మాట అబద్ధమైపోతుంది.

"మా నాన్న మాట తప్పలేదు బాబాయ్. కట్ట వేసింది నేను. నాన్న నీళ్లు వదిలాడని నాకు తెలీదు. తప్పు నాదే."

ఏడాది తర్వాత ఆమె నోట బాబాయ్ అన్న పిలుపు విని సూరయ్య కట్ట మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు. మార్త బోదెలోకి దిగి మట్టి తీయసాగింది. రామతులసి ఓ క్షణం చూసింది. తర్వాత తనూ దిగి పక్కన వంగింది. ఇద్దరూ కలిసి తోడుతుంటే నీళ్లు ఒక్కసారిగా నారుమడిలోకి ఉరికాయి.

"మీ నాన్న ఇంటి దగ్గరున్నాడా?" అని సూరయ్య మెల్లగా అడిగాడు.

"ఉన్నాడు బాబాయ్," అంది మార్త తలెత్తి.

ఆ బురద చేత్తోనే రామతులసి చేయి పట్టుకుంది.

"నువ్వూ రా తులసీ. మా నాన్నని చూద్దువుగాని."