ఆఫ్రికా నుంచి వచ్చిన మొదటి ఉత్తరం

అమెరికాలోని మెరిడియన్ ఊరంతటికీ ఒకే ఒక్క ప్రైవేట్ డిటెక్టివ్ లూషస్ బాస్కమ్. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన భూతద్దం పట్టుకుని, అరచేతిలో ఇమిడే ఓ కాగితంతో కుస్తీ పడుతున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆఫ్రికా వెళ్లిన మేనల్లుడి ఉత్తరం అది. కళ్లజోడు పెట్టుకుంటే ముసలిదాన్నంటారని అసిస్టెంటు ఎఫీకి భయం గానీ లేకపోతే తనే చదివిపెట్టేదని ఆమెను ఆటపట్టిస్తున్నాడు. మొగుడు పోయాక ఎఫీ లమార్‌తో ఇన్ని మాటలాడే మనిషి ఆయనొక్కడే. అందుకే ఆ వేళాకోళం కూడా ఆమెకు ముద్దుగానే ఉంటుంది.

తలుపు తోసుకుని ఒడెల్ ప్రూయిట్ వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. చేతి సంచీలోంచి పెద్ద కాగితం మీద రాసిన ఉత్తరం తీసి బల్ల మీద పరిచింది. బాస్కమ్ భూతద్దం పక్కన పెట్టేశాడు.

"కుడిచెయ్యి దెబ్బతింది, నర్సుచేత రాయిస్తున్నాను. మన పెళ్లి జరగదు. ఉంగరం నువ్వే ఉంచుకో. వెండెల్."

ఒడెల్‌ను పెళ్లాడాల్సిన వెండెల్ ఆఫ్రికా యుద్ధానికి ఓడెక్కి రెండు నెలలైందట. అక్కణ్ణుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఇదేనట. ఈలోగా ఇక్కడి సైనిక శిబిరంలో ఉత్తరాల విభాగం చూసే లెఫ్టినెంట్ హార్లన్ వాస్ పెళ్లాడమన్నాడు. రేపు మధ్యాహ్నానికి జవాబు చెప్పాలి. అమ్మకి ఎంతో ఇష్టం.

"రేపు సరే అనేస్తానండీ. కానీ వెండెల్ నిజంగా ఇలా రాశాడా? అది తేలకపోతే బతుకంతా ఇదే ఆలోచిస్తూ ఉంటాను."

"ఇది ఎవరికి చూపించావు తల్లీ?"

"నా స్నేహితురాలు మార్వీన్‌కి ఒక్కదానికే. అది ప్రేమించిన కుర్రాడు కూడా ఆఫ్రికాలోనే. పదకొండు ఉత్తరాలొచ్చాయి దానికి. అచ్చం ఇలాగే ఉంటాయంది."

"మరి ఉంగరం?"

ఒడెల్ మెడలో గొలుసు పైకి లాగింది. అమ్మకు తెలియకుండా దాచుకుందట. ఆ సంగతి మార్వీన్‌కి తప్ప ఎవరికీ తెలియదట.

మర్నాడు పొద్దున్నే ప్రూయిట్‌వారి వరండాలో లెఫ్టినెంట్, మార్వీన్‌తో సహా అందరూ చేరారు. చక్కెర రేషను కాబట్టి తల్లి పోసిన చల్లటి టీ చప్పగానే ఉంది. బాస్కమ్ మాత్రం పాయసంలా చప్పరించి, రెండో గ్లాసు అడిగాడు.

తర్వాత మేనల్లుడి ఉత్తరం, ఒడెల్ ఉత్తరం పక్కపక్కన పెట్టాడు. యుద్ధభూమిలో కుర్రాళ్లు పెద్ద ఫారం మీదే రాస్తారని చెప్పాడు. కానీ బరువు తగ్గడానికి సైన్యం దాన్ని చిన్న ఫిల్ము మీదకు ఫొటో తీసి సముద్రం దాటించి, ఇక్కడ అరచేతి కాగితం మీద అచ్చు తీసి పంచుతుంది. ఒడెల్‌కి వచ్చింది మాత్రం సిరా అంటిన అసలు ఫారం. అక్కడికి రాసుకోవడానికి మన పోస్టాఫీసులో ఎవరడిగినా ఇస్తారు.

"ఇది రాసినవాళ్లు అక్కడికి ఉత్తరాలు పంపారు. అక్కణ్ణుంచి ఒక్కటీ అందుకోలేదు. లెఫ్టినెంట్ గారైతే ఈ పొరపాటు చెయ్యరు, రోజూ ఇవే చూస్తారు. ఇందులో ఉంగరం మాటుంది, తల్లిగారికి అది ఉన్నట్టే తెలీదు. ఇక పదకొండు ఉత్తరాలొచ్చిన పిల్ల దీన్ని చూసి అచ్చం ఇలాగే ఉంటాయని ఎలా అంటుంది?"

మార్వీన్ తల పైకెత్తలేదు.

"వాడు ఒక్కటీ రాయలేదే, ఒడెల్. నీకు చదివి వినిపించినవన్నీ నేను రాసుకున్నవే. ఉంగరం వచ్చాక నువ్వు శనివారం డాన్సులకి రావడం మానేశావు. మంచింటి పిల్ల ఆ హాల్లోకి ఒంటరిగా ఎలా వెళ్తుందే? నీకు వాడు లేకపోతే మళ్లీ నాతో వస్తావనుకున్నా. ఇలా లెఫ్టినెంట్‌తో పెళ్లిదాకా వెళ్తుందనుకోలేదు."

ఒడెల్ లెఫ్టినెంట్‌కి క్షమించమని చెప్పింది. ఆయన టోపీ పెట్టుకుని మర్యాదగా మెట్లు దిగి వెళ్లాడు. గొప్ప సంబంధం చేజారిందని తల్లి లోపలికెళ్లి గిన్నెలు చప్పుడు చేసింది.

ఎఫీకి బాస్కమ్ మీద గర్వంతో గుండె పొంగింది. అంతలో ఒడెల్ మొహం చూసింది.

"అయితే బాస్కమ్ గారూ," అంది ఒడెల్ మెల్లిగా, "వెండెల్ దగ్గర్నుంచి నాకు అసలు ఉత్తరమే రాలేదన్నమాట."

బాస్కమ్ బల్ల మీది మేనల్లుడి ఉత్తరాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దాటాక ఎఫీ వెనక్కి చూసింది. మార్వీన్ మెట్ల మీదే కూర్చుని ఉంది. కాసేపటికి ఒడెల్ వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం వదిలి. ఇద్దరూ పోస్టుమాను వచ్చే దారి వైపే చూస్తున్నారు.