ఆదివారం వెన్న

ఆదివారం పొద్దున ఆరున్నరకి వంటింట్లో చప్పుడు మొదలైంది. మూత బిగించిన గాజు సీసాలో మీగడ అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు. మొదట పలచగా, తర్వాత బరువుగా, కాసేపటికి ఏమీ వినిపించనంత చిక్కగా మారుతుంది. ఆ పైన ఉన్నట్టుండి నీళ్లు తొణికినట్టు వినిపిస్తే వెన్న విడిందని అర్థం. ఐదు నెలలుగా ప్రతి ఆదివారం వింటూ ఉండటంతో చిట్టికి పడుకున్నచోటి నుంచే అంతా తెలిసిపోతోంది.

చిట్టి అన్నది పుట్టింటివాళ్లు పెట్టిన ముద్దుపేరు. పెళ్లయి పదమూడేళ్లు దాటినా, ఎనిమిదేళ్ల పాపకి తల్లయినా ఆ పేరు వదల్లేదు. భర్తను వీధిలో అందరూ ల్యాబ్ మాస్టారంటారు. వెన్న ఫ్యాక్టరీలో పరీక్షల గది ఆయనది. తయారైన ప్రతి విడతలోంచీ చెంచాడు తీసి, కరిగించి, తేమ ఎంతుందో, కొవ్వు అసలుదో కాదో చూసి ఆయన సంతకం పెడితే తప్ప పెట్టెలు లారీ ఎక్కవు.

అలాంటి మనిషి ఇంట్లో సీసా పట్టుకుని వెన్న తీస్తుంటే మొదట్లో ఆమెకి నవ్వొచ్చింది. "మిఠాయి కొట్టాయన ఇంటికొచ్చి పంచదార నాకినట్టుంది మీ సంగతి" అంది. ఆయనా నవ్వాడు. "చేతులకి కాస్త పని ఉండాలి కదా" అన్నాడు. అదే ఆఖరి నవ్వు. తర్వాత తర్వాత నవ్వుతో పాటు మాట కూడా తగ్గిపోయింది. ఫ్యాక్టరీ నుంచి రాగానే బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురింటి గోడను చూస్తూ కూర్చునేవాడు. భోజనాల దగ్గర ఉప్పు, నీళ్లు, చాలు. ఈ మూడు మాటలతో రోజు గడిచిపోయేది.

చిట్టి ఇంట్లోనే కర్టెన్లు కుట్టే పని చేస్తుంది. పాప బడికెళ్లాక సాయంత్రం దాకా కుట్టుమిషనూ ఆమే. ఎవరి ఇంటి కిటికీలకో గుడ్డ కొలుస్తూ, ఆ కిటికీల వెనక మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారో అనుకునేది. ఒకసారి సిగ్గు విడిచి ఆయన చొక్కా జేబులు వెతికింది. బస్సు టికెట్లు, ఒక తలనొప్పి మాత్ర దొరికాయి. ఇంకో మనిషి ఎవరైనా ఉన్నా బాగుండేది, కనీసం పోట్లాడటానికి ఒక పేరు దొరికేది అనిపించి తనమీద తనకే జాలేసింది.

ఆ ఆదివారం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి ఆయన వెన్నను చల్లటి నీళ్లలో వేసి చెక్క గరిటెతో నొక్కుతున్నాడు. తెల్లగా దిగుతున్న నీటిని ఒంపేసి మళ్లీ కొత్త నీళ్లు పోశాడు.

"మీ ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన పొట్లాలు ఫ్రిజ్‌లో అలాగే పడున్నాయి. కిందింటి వాళ్లకి ఇచ్చేయనా?"

"వద్దు."

"పాడైపోతాయి కదండీ."

"పారెయ్. ఎవరికీ ఇవ్వకు."

ఆ రెండో మాట మరీ తొందరగా వచ్చింది. చిట్టికి ఏదో తట్టింది. కానీ అడిగితే ఏం జవాబు వస్తుందో, అసలు వస్తుందో రాదో అన్న బెరుకుతో పాపకి జడ వేయడానికి వెళ్లిపోయింది.

ఆదివారాలు తల్లీకూతుళ్లు అమ్మమ్మ బేకరీకి వెళ్తారు. రెండు వీధుల అవతల, మూడు మెట్లెక్కితే ఒక గాజు బల్ల, దాని వెనక పొయ్యి గది. చిట్టి తల్లి ముప్పై ఏళ్లుగా ఆ బల్ల వెనకే నిలబడి ఉంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆమె బన్నులమ్మే. ఆమె వెన్న బన్నుల కోసం పక్క వీధుల పిల్లలు కూడా వస్తారు.

ఆ పూట గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చి, అలవాటు చొప్పున బన్ను చేతిలోకి తీసుకుని మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

"బన్నులమ్మా, ఈమధ్య ఇది తింటుంటే అంగిట్లో మైనం అంటుకున్నట్టుంటోంది."

"పళ్ల సెట్టు మార్చండి, సరిపోతుంది."

"పళ్లు నా సొంతమే."

"అయితే నాలుక మార్చండి" అంది ఆవిడ తడుముకోకుండా. "ఆ వెన్నకి సంతకం పెట్టేది ఎవరనుకున్నారు? నా అల్లుడు. నిక్కచ్చి మనిషి. ఆయన చూడందే ఒక్క పెట్టె బయటికి రాదు."

పెద్దాయన తల ఊపి, మామూలు రొట్టె ఒకటి తీసుకుని మెట్లు దిగాడు. ఆయన కనుమరుగయ్యేదాకా నవ్విన బన్నులమ్మ ముఖం తర్వాత వాడిపోయింది.

"ఈ నెలలో ఇలా అన్నవాళ్లలో ఈయన నాలుగో మనిషి. ఒకసారి మీ ఆయన్ని అడగవే."

"నువ్వే అడగొచ్చు కదమ్మా."

"బాగుంటుందా? ఆయన ఉన్నాడనే కదా పాత డెయిరీ మానేసి ఆ ఫ్యాక్టరీ వెన్న కొంటున్నా. ఇప్పుడు అడిగితే అల్లుణ్ణి అనుమానించినట్టు కాదూ."

ఆవిడ వేడి బన్ను ఒకటి మధ్యకు చీల్చి, బాగా వెన్న రాసి మనవరాలి ముందు పెట్టింది. పాప పళ్లేన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"ఆకలి లేదు అమ్మమ్మా."

"ఈమధ్య ఎప్పుడొచ్చినా ఇదే మాట అంటున్నావు. నా చేతి తిండి చేదయిందా తల్లీ?"

పాప తల దించుకుంది. ఇంటికి నడిచేటప్పుడు చిట్టి మందలించబోయింది. "అమ్మమ్మ ఎంత బాధపడిందో చూశావా? ఒక్క ముక్క తింటే ఏం పోయింది?"

పాప కాసేపు కాలిబాట రాళ్లు లెక్కపెడుతున్నట్టు నడిచింది.

"నాన్న తినొద్దన్నారు. అమ్మమ్మ కొట్లో వెన్న వేసినవేవీ తినొద్దన్నారు. నీకు చెప్పొద్దన్నారు."

"ఎప్పుడు చెప్పారు?"

"ఎండాకాలం సెలవుల్లో."

చిట్టి అక్కడే ఆగిపోయింది. వెనకాల వస్తున్న సైకిలు గంట కొట్టి పక్కనుంచి తప్పుకుని పోయింది. పాప చెయ్యి పట్టుకుని లాగితే గానీ ఆమె కదల్లేదు.

ఇంటికి రాగానే పాపను కిందింటి పిల్లలతో ఆడుకోమని పంపి తలుపు మూసింది. ఆయన బాల్కనీలో ఉన్నాడు.

"లోపలికి రండి. మాట్లాడాలి."

"కాసేపాగి..."

"ఐదు నెలలు ఆగాను. చల్లకొచ్చి ముంత దాచడం నాకూ చేతకాదు, మీకూ చేతకాదు. ఆ వెన్నలో ఏముంది?"

ఆయన లోపలికి వచ్చాడు గానీ కూర్చోలేదు. గోడకి ఆనుకున్నాడు.

"ఏదో చవక నూనె. గట్టిపరిచిన నూనె. విషం కాదు" అన్నాడు చివరికి. "ఎండలకి మీగడ రాక తగ్గింది. ఆర్డర్లు తగ్గలేదు. మొదటి విడత వచ్చినప్పుడు నాకు అంకె తేడాగా కనిపించింది. మూడుసార్లు చూశాను. ఉన్నది ఉన్నట్టు రాసి మేనేజరుకి ఇచ్చాను. ఆయన కోప్పడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపి, 'కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూడండి మాస్టారూ' అని కొత్తది ఇచ్చాడు."

"మీరేం చేశారు?"

"కళ్లజోడు తుడుచుకున్నాను."

చిట్టి పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది.

"ఒక్క వారమే అన్నాడు. తర్వాత ఇంకో వారం. ఆ తర్వాత అడగడం కూడా మానేశాడు, నేనే రాసేస్తున్నాను. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినలేక నా గదిలోనే తింటున్నాను. ఎవరికి చెప్పను? ఉద్యోగం పోతే మీ ఇద్దరి గతేమిటని..."

"మా మీదికి నెట్టకండి" అంది చిట్టి. "మీ పాపకి మాత్రం ఆదివారం సీసాలో తీసిన వెన్న. మా అమ్మ కొట్టుకి వచ్చే పిల్లలకి ఆ నూనె. మా అమ్మ మీ పేరు చెప్పి దాన్ని అమ్ముతోందండీ. ఈ పూట కూడా ఒక పెద్దమనిషి నిజం చెబితే, మీ మాటే వేదమని ఆయన నాలుకని ఎగతాళి చేసింది. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?"

ఆయన గోడకి ఆనుకున్నవాడు అలాగే జారి నేలమీద కూర్చున్నాడు. చేతుల్లో ముఖం పెట్టుకుని, చాలాసేపు శబ్దం లేకుండా ఏడ్చాడు. పదమూడేళ్లలో చిట్టి ఆయన ఏడవడం చూడలేదు. దగ్గరికి వెళ్లాలనిపించింది, వెళ్లలేకపోయింది. గదిలో నాలుగడుగుల దూరంలో ఇద్దరూ చెరో ఊళ్లో ఉన్నట్టు ఉండిపోయారు.

"పాపకి చెప్పగలిగారు. నాకు చెప్పలేకపోయారు" అంది చివరికి.

"పాప నన్ను ఎందుకు అని అడగదు. నువ్వు అడుగుతావు."

ఆ సాయంత్రం నాలుగింటికి ఆయన ఒక్కడే బేకరీకి బయల్దేరాడు. చిట్టి తోడు వస్తానంది, వద్దన్నాడు. అయినా ఆమె కొంచెం వెనకగా నడిచి మెట్ల కింద ఆగింది. సగం దించిన షట్టరు కింది నుంచి మాటలు వినిపించాయి. ఆయన మొత్తం చెప్పాడు, కళ్లజోడు సంగతితో సహా.

బన్నులమ్మ తిట్టలేదు. పొయ్యి గదిలోంచి వెన్న పెట్టెలు ఒక్కొక్కటే మోసుకొచ్చి గుమ్మం దగ్గర పేర్చడం మొదలుపెట్టింది. ఆయన సాయం పట్టబోతే "మీరుండండి" అంది. చివరి పెట్టె దించి నడుం పట్టుకుని నిలబడింది.

"మీ మామయ్య పోయాక ఈ కొట్టే నాకు మనిషి. పొద్దున ఐదింటికి లేచి ఎవరితో మాట్లాడను? ఆ బల్లకి అటువైపు వచ్చే వాళ్లతోనే కదా. వాళ్ల ముఖాలు ఇప్పుడు ఎలా చూడాలో మీరే చెప్పండి అల్లుడుగారూ."

బయట చిట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం ఆయన కాగితం మీద అసలు అంకె రాశాడు. మేనేజరు చింపేలోపే దాని నకలు ఆహార తనిఖీ కార్యాలయానికి పంపేశాడు. మధ్యాహ్నానికల్లా గది తాళాలు లాక్కుని ఇంటికి పొమ్మన్నారు. పన్నెండో రోజున అధికారులు వచ్చి గోదాముకి సీలు వేశారు. పాత కాగితాల మీద తన సంతకాలు ఎందుకున్నాయో వాళ్లకి రాసి ఇవ్వాల్సి వచ్చింది. రాసి ఇచ్చాడు. దానికి ఏ శిక్ష పడుతుందో ఇంకా తేలలేదు.

బేకరీలో వెన్న బన్నులు ఆగిపోయాయి. బన్నులమ్మ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెప్పింది. "ఐదు నెలలు మీకు నేను పెట్టింది వెన్న కాదు. నాకూ తెలీదు, కానీ పెట్టింది నా చెయ్యే." కొందరు ఏమీ అనకుండా వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఒక తల్లి బల్లమీద గట్టిగా చరిచి వెళ్లింది. గడియారాల పెద్దాయన మాత్రం అంతా విని, "నాలుక మార్చుకోనక్కర్లేదన్నమాట" అని రొట్టె తీసుకున్నాడు. ఆయన వెళ్లాక బన్నులమ్మ పొయ్యి గదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

నెల తిరిగాక ఒక పొద్దున ఆవిడే కూతురింటికి వచ్చింది. అల్లుడి వంక చూడకుండా అడిగింది.

"పది లీటర్ల మీగడ చిలకాలంటే ఎంతసేపు పడుతుంది?"

"మర ఉంటే అరగంట అత్తయ్యా. మీగడ మరీ వెచ్చగా ఉండకూడదు."

"మర నేను కొంటాను. నాకు ఆ వెచ్చదనాలూ అవీ తెలీవు. వచ్చి చేసిపెట్టండి" అంది. గుమ్మం దాటుతూ ఆగింది. "మనసు ఇంకా కుదుటపడలేదు. అది వేరే సంగతి. రేపు ఐదింటికల్లా రావాలి."

ఆయన వెళ్లడం మొదలుపెట్టాడు. పొయ్యి గదిలో ఒక మూల చిలకడం, కడగడం, నొక్కడం. వెన్న కొద్దిగానే వస్తుంది, పది గంటలకల్లా బన్నులు అయిపోతాయి. అత్తా అల్లుళ్లు పని మాటలు తప్ప మాట్లాడుకోరు. ఒకరోజు మాత్రం ఆవిడ ఆయన ముందు ఒక పళ్లెం పెట్టి, "తిని చూసి చెప్పండి" అని వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చిట్టి అన్నం వారుస్తోంది.

"ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే అతను ఎదురుపడ్డాడు" అన్నాడు. "నన్ను చూసి రోడ్డు దాటి అటు వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లు ఒకే బస్సులో వెళ్లాం. వాడి ఉద్యోగమూ పోయింది కదా నావల్ల."

ఆయన మాట పూర్తిచేసి అలాగే నిలబడ్డాడు. అడగకుండా, తనంతట తానుగా చెప్పిన మాట. చిట్టి గిన్నె కింద పెట్టింది. ఆవిరికో ఏమో కళ్లు మసకబారాయి.

"మీతో ఒక మాట చెప్పాలి" అంది. "ఎండాకాలంలో మీరు మొదటిసారి సీసా కొని తెచ్చిన రోజు మీ చేతులు వణికాయి. నేను చూశాను. ఏదో జరిగిందని నాకు తెలుసు. జేబులు వెతికాను గానీ, తెలిస్తే మొయ్యాలని భయపడి మిమ్మల్ని అడగలేదు. మిమ్మల్ని ఒంటరిగా వదిలేసి, నేనే ఒంటరిదాన్నైపోయానని ఏడ్చాను."

కన్నీళ్లు చెంపలమీదికి దిగాయి. ఆయన దగ్గరికి వచ్చి, తుడవడానికి చెయ్యెత్తి, దుమ్ము చెయ్యని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆమే ఆ చెయ్యి పట్టుకుని పక్కనున్న పీట మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఆ పెట్టెలు కట్టే అతనికి పిల్లలెందరు?" అని అడిగింది.

"ఇద్దరు. పెద్దది మన పాప వయసుది" అన్నాడు. ఇంకా చెబుతూ పోయాడు. వారిన అన్నం చల్లారిపోయింది. ఆమె లేవలేదు.